ప్రయోగము – ఉపసంహారము : నిద్రమాత్రల చరిత్రలో ఒక అధ్యాయం

మహాభారతం సౌప్తికపర్వంలో అశ్వత్థామ బ్రహ్మశిరోస్త్రాన్ని ప్రయోగించిన ఘట్టం చదువరులకు తెలిసినదే. దానికి ప్రతిగా అర్జునుడూ అదే అస్త్రాన్ని విడిచాడు. రెండు అస్త్రాల నడుమ లోకాలు దగ్ధమయ్యే స్థితి రాగా, నారదవ్యాసులు మధ్యకు వచ్చి నిలిచి, ఉపసంహరించవలసిందిగా ఇద్దరినీ కోరారు. అర్జునుడు తన అస్త్రాన్ని మరల్చగలిగాడు. అశ్వత్థామకు అది సాధ్యం కాలేదు. అతడు ప్రయోగం తెలిసినవాడే కాని ఉపసంహారం తెలిసినవాడు కాడు. ఆ అస్త్రం పోయి ఉత్తర గర్భం మీద పడింది.

నిద్ర పట్టడానికీ, గుండెదడ తగ్గడానికీ వైద్యులు వ్రాసే మాత్రల చరిత్ర చదివినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే స్ఫురిస్తుంది. ఈ మాత్రలను అలవాటు పడిన శరీరం నుండి తొలగించినప్పుడు కలిగే బాధలను మన వైద్యపరిభాషలో 'ఉపసంహరణ లక్షణాలు' అంటున్నారు. ఆ మాటను కూర్చినవారికి సౌప్తికపర్వం గుర్తున్నదో లేదో గాని, అంతకంటె తగిన పదం దొరకదు. ఆధునిక వైద్యం ఈ మాత్రల ప్రయోగాన్ని చాలా త్వరగా నేర్చుకొన్నది. ఉపసంహారం నేర్చుకోవడానికి మాత్రం నూరేళ్ళకు పైగా పట్టింది. ఆ నూరేళ్ళ కథను వీలైనంత క్లుప్తంగా చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది కేవలం పరదేశపు చరిత్ర కాదు. మన ఇళ్ళలో దిండు క్రింద ఉన్న మాత్రల అట్టకు సంబంధించిన చరిత్ర.

పందొమ్మిదవ శతాబ్దం నడిమి వరకు ఐరోపాలో నిద్రకు మందంటే నల్లమందు, సారాయి. 1857లో లండను వైద్యుడు చార్లెస్ లోకాక్ మూర్ఛరోగానికి పొటాషియం బ్రోమైడ్ పనిచేస్తున్నదని చెప్పిన తరువాత, బ్రోమైడ్లు నరాలను శాంతింపజేసే మందుగా వ్యాప్తిలోకి వచ్చాయి. 1832లో లీబిగ్ అనే జర్మను రసాయనవేత్త తయారుచేసిన క్లోరల్ హైడ్రేట్‌ను 1869లో లీబ్రైఖ్ అనే వైద్యుడు నిద్రమందుగా పరిచయం చేశాడు. ఆంగ్లకవీ చిత్రకారుడూ అయిన డాంటే గేబ్రియల్ రోసెట్టి నిద్రలేమికి ఈ క్లోరల్ పుచ్చుకోవడం మొదలుపెట్టి, దాని చేదు పోవడానికి విస్కీ త్రాగి, ఆ రెంటికీ బందీ అయిపోయి 1882లో మరణించాడు. నిద్రకోసం తెచ్చిన మందు మనిషిని ఎంత దూరం తీసికొనిపోతుందో ఆనాడే కనిపించింది. అయితే చూచినవారు దానిని కవిగారి బలహీనతగా భావించారే కాని మందు లక్షణంగా భావించలేదు. ఈ పొరపాటు ఈ చరిత్రలో మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

1903లో ఎమిల్ ఫిషర్, యోసెఫ్ ఫాన్ మెరింగ్ అనే జర్మను శాస్త్రజ్ఞులు బార్బిటాల్ అనే మందును లోకానికి ప్రకటించారు. వెరొనాల్ అన్న పేరుతో అది అంగళ్ళకు వచ్చింది. 1912లో ఫీనోబార్బిటాల్ వచ్చింది. ఈ కుటుంబానికే బార్బిట్యురేట్లు అని పేరు. తరువాతి అర్ధశతాబ్ది వీటిదే రాజ్యం. మోతాదు మించితే శ్వాస ఆగిపోతుందని అందరికీ తెలుసు. మానివేస్తే ఏమవుతుంది అన్న ప్రశ్నకు మాత్రం వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. నల్లమందు వలె ఇవి శరీరాన్ని పట్టుకోవు, ఇది వట్టి అలవాటే అన్నవారు చాలామంది ఉండేవారు.

1950లో దానికి జవాబు వచ్చింది. వచ్చిన తీరు మాత్రం తలదించుకోవలసినది. అమెరికాలో కెంటకీ రాష్ట్రం లెగ్జింగ్టన్‌లోని ప్రభుత్వ పరిశోధనకేంద్రంలో హారిస్ ఇస్బెల్ అనే వైద్యుడు అయిదుగురు ఖైదీలకు మూడు నెలలు, అంతకు మించిన కాలం పెద్ద మోతాదులలో బార్బిట్యురేట్లు ఇచ్చి, ఒక్కసారిగా నిలిపివేశాడు. మొదటి రోజున వారు తేరుకొన్నట్లే కనిపించారు. తరువాత వణుకు, నీరసం, నిద్రలేమి మొదలయ్యాయి. అయిదుగురిలో నలుగురికి మూర్ఛలు వచ్చాయి. లేనివి కనబడడం, వినబడడం సంభవించాయి. వారు ఒప్పుకొనే పాల్గొన్నారని కాగితాలలో ఉన్నది. చెరసాలలో ఉన్నవాని ఒప్పుదలకు విలువ ఎంతో చదువరులే ఊహించగలరు. ఏమైనా ఒక సత్యం తేలిపోయింది. ఈ మందులను హఠాత్తుగా మానివేయడం ప్రాణాంతకం కావచ్చును.

ఆ పాఠం అందరికీ ఎక్కకముందే క్రొత్త మందులు వచ్చాయి. ఫ్రాంక్ బెర్గర్ కనిపెట్టిన మెప్రోబమేట్ 1955లో అంగళ్ళకు వచ్చి, న్యూజెర్సీలోని ఒక చిన్న ఊరి పేరు మీదుగా మిల్‌టౌన్ అని ప్రసిద్ధికెక్కింది. అదే న్యూజెర్సీలోని నట్లీ పట్టణంలో, హాఫ్‌మన్ లా రోష్ సంస్థ ప్రయోగశాలలో, లియో స్టెర్న్‌బాక్ పనిచేస్తుండేవాడు. యూదుడైన ఆయన నాజీల బారి నుండి తప్పించుకొని 1941లో అక్కడికి చేరాడు. పనికిరాదని ప్రక్కన పెట్టిన ఒక పదార్థాన్ని 1957లో గది సర్దుకొంటూ పరీక్షకు పంపగా, అది జంతువులను నిద్రపుచ్చకుండానే శాంతింపజేస్తున్నదని తేలింది. అదే 1960లో లిబ్రియమ్ అన్న పేరుతో వచ్చిన క్లోర్‌డయాజెపాక్సైడ్. 1963లో దానికి చెల్లెలిగా వాలియమ్, అనగా డయాజెపాం, వచ్చింది. లోరజెపాం, నైట్రజెపాం, ఆల్ప్రజోలం మొదలైనవి ఆ వంశంలో పుట్టినవే. ఈ వంశానికి బెంజోడయాజెపిన్లు అని పేరు.

ఇవి బార్బిట్యురేట్ల కంటె క్షేమకరమైనవన్న మాట నిజమే. కేవలం వీటిని మాత్రమే అధికంగా మ్రింగినవారు చనిపోవడం అరుదు. ఆ ఒక్క సుగుణాన్ని చూచి వైద్యలోకం, వీటికి ఏ దోషమూ లేదని నమ్మింది. 1978 ఒక్క సంవత్సరంలో అమెరికాలో అమ్ముడైన వాలియమ్ మాత్రలు దాదాపు 230 కోట్లు.

ఇంతలో హెచ్చరిక రాకపోలేదు. లిబ్రియమ్ వచ్చిన మరుసటి సంవత్సరమే, 1961లో, లియో హాలిస్టర్ అనే వైద్యుడు ఆసుపత్రిలోని రోగుల మీద జరిపిన పరిశీలనను ప్రకటించాడు. దీర్ఘకాలం పెద్ద మోతాదు తీసికొన్నవారిలో 11 మందికి వారికి తెలియకుండా మందులేని మాత్ర ఇచ్చి చూచారు. పదిమందికి క్రొత్త బాధలు వచ్చాయి. ఇద్దరికి మూర్ఛలు వచ్చాయి. అవి కూడ వెంటనే రాలేదు, కొన్ని రోజులు గడచిన తరువాత వచ్చాయి. ఈ మాట అచ్చయినది, చదివినవారూ ఉన్నారు. కాని ఆ మోతాదులు మామూలు మోతాదుకు ఎన్నో రెట్లు కనుక, మామూలుగా వాడేవారికి భయం లేదని సమాధానపడ్డారు. వైద్యుడు చెప్పినట్లు, చెప్పినంతే వేసికొనే గృహిణికీ గుమాస్తాకూ ఆ బాధ రాదన్న నమ్మకం మరి ఇరవై ఏళ్ళు నిలిచింది.

ఇక్కడ చదువరులు ఒక సందేహం అడుగవచ్చును. కోట్లమంది వాడుతున్నప్పుడు, మానినవారు బాధపడుతున్నప్పుడు, వైద్యులకు అది కనబడకపోవడమేమిటి? కనబడింది. అయితే మరొక రూపంలో కనబడింది. కిటుకంతా ఇక్కడే ఉన్నది.

మన మెదడులో గాబా అనే రసాయనం ఉన్నది. నాడీకణాల ఉద్రేకాన్ని అణచి ఉంచడం దాని పని. ఈ మాత్రలు గాబా శక్తిని పెంచుతాయి. 1977లో డెన్మార్క్, స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞులు వేర్వేరుగా, మెదడులో ఈ మాత్రలు అంటుకొనే స్థానాలను గుర్తించారు. నెలల తరబడి బయటి నుండి సాయం వస్తుంటే మెదడు తన వంతు అణచివేతను సడలించుకొంటుంది. బండికి ఇద్దరు కళ్ళెం పట్టినప్పుడు మొదటివాడు పట్టు వదలినట్లు. అప్పుడు మాత్ర హఠాత్తుగా తప్పుకొంటే కళ్ళెం పట్టేవాడే ఉండడు. నిద్ర పోతుంది, గుండె దడదడలాడుతుంది, చేతులు వణకుతాయి, చెమటలు పోస్తాయి. ఈ బాధలు ఏవి? మొదట మాత్ర వ్రాయడానికి కారణమైన బాధల వంటివే! అందుచేత రోగి వచ్చి "మాత్ర మానితే ఉండలేకపోతున్నానండీ" అంటే, "చూశారా, మీ జబ్బు ఇంకా పోలేదు. మాత్ర తప్పదు" అని వైద్యుడు మళ్ళీ వ్రాసేవాడు. మందు పెట్టిన బాధ, మందు అవసరానికి సాక్ష్యమై కూర్చున్నది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినదన్న సామెత మనకున్నది. ఇక్కడ ఊడిన నాలుకను చూపి మళ్ళీ అదే మందు వేశారు.

రెంటికీ భేదం లేకపోలేదు. జాగ్రత్తగా వినేవారికి తెలుస్తుంది. పాత వ్యాకులత తిరగబెడితే మెల్లగా వస్తుంది, పాత రూపంలోనే వస్తుంది. ఉపసంహరణ బాధ మాత్ర తగ్గిన కొద్ది రోజులలోనే వస్తుంది. ఆల్ప్రజోలం, లోరజెపాం వంటి త్వరగా దిగిపోయే మందులైతే ఒకటి రెండు రోజులలో, డయాజెపాం వలె చాలాకాలం ఒంట్లో నిలిచేదైతే వారం వరకు పట్టవచ్చును. అంతేకాక, అంతకుముందు ఎన్నడూ లేని వింతలు దాని వెంట వస్తాయి. గిన్నె చప్పుడు పిడుగుపాటుగా తోస్తుంది. దీపపు వెలుగు కళ్ళలో గ్రుచ్చుకొంటుంది. నోటిలో లోహపు రుచి, చర్మం మీద చీమలు ప్రాకినట్లు, నేల ఊగినట్లు, తాను తాను కానట్లు. ఈ మాటలు చెప్పినవారిని ఆనాడు పిచ్చివారిగానో, మాయ చేసేవారిగానో జమకట్టారు.

ఆ మౌనాన్ని ఛేదించినవారు రోగులే. న్యూయార్కులో దూరదర్శన్ డాక్యుమెంటరీలు నిర్మించే బార్బరా గోర్డన్ ఏళ్ళ తరబడి వాలియమ్ వాడి, ఒక్కసారిగా మానివేయవచ్చునన్న వైద్యుని మాట ప్రకారం మానివేసి, మతి చలించి మానసిక వైద్యశాలలో చేరింది. కోలుకొన్న తరువాత 1979లో తన కథను పుస్తకంగా వ్రాసింది. ఆ సంవత్సరమే అమెరికా సెనేట్‌లో ఎడ్వర్డ్ కెనెడీ అధ్యక్షతన ఈ మందుల మీద విచారణ జరిగింది. 1981లో లండనులో పెటుర్సన్, మాల్కమ్ లేడర్ అనే వైద్యులు, మామూలు మోతాదు మాత్రమే వాడిన 16 మందిని పరిశీలించి, మందు తీసివేసినప్పుడు అందరికీ ఏదో ఒక స్థాయిలో బాధ కలిగిందని ప్రకటించారు. హాలిస్టర్ చెప్పిన ఇరవై ఏళ్ళకు ఆ మాట రుజువైనది. బ్రిటనులో సుమారు 14,000 మంది తయారీదారుల మీద వ్యాజ్యానికి సిద్ధపడ్డారు. ప్రభుత్వ న్యాయసహాయం ఆగిపోవడంతో 1990లలో అది తీర్పు లేకుండానే ముగిసింది. అయితే 1988లోనే అక్కడి ఔషధభద్రతా సంఘం, ఈ మాత్రలను రెండు నుండి నాలుగు వారాలకు మించి వాడరాదని వైద్యులకు తెలియజేసింది.

ఈ కథలో అర్జునుని స్థానం నేను ఒకరికి ఇస్తాను. ఆమె పేరు హెదర్ ఆష్టన్. 1929లో మన డెహ్రాడూన్‌లో పుట్టిన ఆంగ్లవనిత. న్యూకాజిల్‌లో ఔషధశాస్త్ర ఆచార్యురాలు. 1982 నుండి 1994 వరకు ఈ మాత్రలు మానదలచిన వారికోసమే ఒక చికిత్సాలయం నడిపింది. వచ్చినవారు చెప్పినదంతా వినడం, వ్రాసికొనడం, నమ్మడం ఆమె మొదటి చికిత్స. అక్కడ నేర్చినదానిని 1999లో ఒక చిన్న గ్రంథంగా కూర్చి, ఎవరైనా ఉచితంగా చదువుకొనేటట్లు వదలిపెట్టింది. అది అనేక భాషలలోనికి వెళ్ళింది. 2019లో ఆమె మరణించింది.

ఆమె చెప్పిన ఉపసంహారవిద్య వినడానికి చాలా చిన్నది. త్వరగా దిగిపోయే మందు స్థానంలో వైద్యుడు క్రమంగా నెమ్మదిగా దిగే డయాజెపాంను ప్రవేశపెట్టవచ్చును. తరువాత వారం, రెండు వారాల కొకసారి, ఉన్న మోతాదులో పదవ వంతు చొప్పున తగ్గించాలి. నెలలు పట్టనీ, సంవత్సరం దాటనీ, తొందరలేదు. ఎంత వేగంగా దిగాలన్నది రోగి శరీరమే నిర్ణయించాలి. తాటిచెట్టు ఎక్కిన గీతకాడు దిగేటప్పుడు మోకు జారుస్తూ, కాలు నిలదొక్కుకొంటూ దిగుతాడు. పైనుండి దూకడం ధైర్యమని ఎవరూ అనరు గదా!

ఇక్కడ ఒక లెక్క తప్పక చెప్పాలి. ఆష్టన్ పట్టిక ప్రకారం 0.5 మిల్లీగ్రాము ఆల్ప్రజోలం సుమారు 10 మిల్లీగ్రాముల డయాజెపాంకు సమానం. ఇది అంచనాయే, వేరు పట్టికలలో కొంత భేదమున్నది. అయినా "అర మిల్లీగ్రామే గదా, పిల్లల మోతాదు, ఎప్పుడైనా మానేయవచ్చు" అనుకొనేవారు ఈ లెక్కను గుర్తుంచుకోవడం మంచిది. మాత్ర చిన్నదైనంత మాత్రాన బలం చిన్నది కాదు.

తొలి వారాలను దాటినవారి అనుభవాల నుండి, ఆ చికిత్సాలయం వంటి చోట్ల నేర్చిన పాఠాల నుండి కొన్ని సంగతులు స్థిరపడ్డాయి. మొదటిది, రాబోయే బాధను ముందుగా తెలిసికొని ఉండడం. ఇది మెదడు మళ్ళీ తన కళ్ళెం తాను పట్టుకొనేవరకు ఉండే బాధ అని తెలిసినవాడు భయపడడం తగ్గుతుంది. భయం తగ్గితే బాధలో సగం తగ్గుతుంది. రెండవది, తారీఖు వేసి మోతాదు వ్రాసిపెట్టుకోవడం. బాధ తిన్నగా తగ్గుతూ పోదు, కెరటాల వలె వస్తూ పోతూ ఉంటుంది. నిన్న బాగుండి నేడు బాగులేకపోతే ఓడిపోయినట్లు కాదు. పుస్తకంలో నెల వెనుకకు తిప్పి చూచినవారికే ఎంత దూరం వచ్చినదీ తెలుస్తుంది. మూడవది, కష్టమైనప్పుడు వైద్యునితో చెప్పి ఉన్న మెట్టు మీదనే కొన్నాళ్ళు ఆగడం. నాలుగవది, మాత్ర తగ్గించి ఆ లోటు మద్యంతో పూడ్చకపోవడం. మద్యం కూడ అదే తాళానికి మరొక తాళపుచెవి. కాఫీ సంగతిలోనూ కొంత నిగ్రహం అవసరం. అయిదవది, ఇంట్లో ఒక్కరికైనా విషయం చెప్పి ఉంచడం. మూర్ఛ వచ్చినా, మతి తప్పి మాట్లాడినా, లేనివి కనబడుతున్నవన్నా ఇంటివైద్యం చేస్తూ కూర్చొనక వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలసినవారు వారే.

ఇక మన సంగతి. మన ఇళ్ళలో ఈ మాత్ర ప్రవేశించే తీరు అందరికీ తెలిసినదే. భర్త పోయినప్పుడో, శస్త్రచికిత్స జరిగినప్పుడో పది రోజులకని వ్రాసిన చీటీ పదేళ్ళు నడుస్తుంది. "మా అమ్మకు అది లేకపోతే నిద్రపట్టదు" అని పిల్లలే తెచ్చి ఇస్తారు. 2013లో కేంద్రప్రభుత్వం ఆల్ప్రజోలం, డయాజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం మొదలైనవాటిని హెచ్-1 అనే షెడ్యూలులో చేర్చింది. 2014 మార్చి నుండి, వీటిని అమ్మే దుకాణదారు వైద్యుని పేరు, రోగి పేరు ప్రత్యేక పుస్తకంలో వ్రాసి, మూడేళ్ళు భద్రపరచాలి. చట్టం ఉన్నది. పాత చీటీ చూపితే మాత్ర ఇచ్చే దుకాణాలూ ఉన్నవి.

హఠాత్తుగా ఆగితే ఏమవుతుందో మన తెలుగునేల మీద ఒకసారి వేలమంది చూచారు. అది వైద్యుడు వ్రాసిన మాత్ర కాదు, అయినా మందు అదే. తెలంగాణలో కొన్నిచోట్ల కల్లులో ఆల్ప్రజోలం, డయాజెపాం, క్లోరల్ హైడ్రేట్ కలపడం చాలాకాలంగా ఉన్న దుర్మార్గం. 2015 సెప్టెంబరులో అధికారులు కల్తీని అరికట్టగా, మహబూబ్‌నగర్, నిజామాబాద్ జిల్లాలలో రోజూ ఆ కల్లు త్రాగే కూలీలు, ముసలివారు, స్త్రీలు వణుకుతో, మూర్ఛలతో, పిచ్చిచేష్టలతో ఆసుపత్రులకు వెల్లువగా వచ్చారు. తాము ఒక మందుకు బానిసలమైనట్లు వారిలో చాలామందికి తెలియదు. కల్తీని ఆపడం న్యాయమే. కాని ఆపిన మరునాడు ఈ దేహాలు ఏమవుతాయన్న ప్రశ్న ముందుగా వేసికొని ఉంటే బాగుండేది. 1950లో లెగ్జింగ్టన్ చెరసాలలో అయిదుగురికి జరిగినది, అరవైయైదేళ్ళ తరువాత పాలమూరు పల్లెలలో జరిగింది.

ఇదే జాగ్రత్త ఇప్పుడు వైద్యులకూ చెప్పవలసివస్తున్నది. ఈ మాత్రల మీద భయం పెరిగిన కొద్దీ, ముసలివారి చీటీ నుండి వాటిని ఒక్క కలంపోటుతో కొట్టివేసే వైద్యులు బయలుదేరారు. అది రెండవ తప్పు. 2020లో అమెరికా ఔషధనియంత్రణ సంస్థ ఈ మందుల పెట్టెల మీది హెచ్చరికను తీవ్రం చేస్తూ, హఠాత్తుగా మానడంలోని ప్రాణాపాయాన్ని కూడ అందులో చేర్చింది. 2025లో అక్కడి వైద్యసంఘాలు కలసి ప్రకటించిన మార్గదర్శకం, తొలుత రెండు నుండి నాలుగు వారాల కొకసారి 5 నుండి 10 శాతం చొప్పున తగ్గించడాన్ని ఆలోచించమన్నది. రెండు వారాలలో 25 శాతానికి మించరాదన్నది. ఆష్టన్ చికిత్సాలయంలో రోగులు నేర్పిన పదవ వంతే మళ్ళీ వచ్చింది!

మూర్ఛరోగులకూ, మరికొందరికీ ఈ మందులు నిజంగా అవసరం. కనుక ఈ వ్యాసం చదివి ఎవరూ తమంతట తాము నేటి రాత్రి మాత్ర పారవేయవద్దని మనవి. ఇంట్లో పెద్దవారు ఏళ్ళ తరబడి వాడుతూ ఉంటే ఆ అట్టను, ఆ చీటీని తీసికొని వైద్యుని దగ్గరకు వెళ్ళండి. "ఇది ఇంకా అవసరమా, అవసరం లేకపోతే ఎన్ని నెలలలో ఎలా దింపుతారు?" అని అడగండి. దింపుతున్న రోజులలో అమ్మ విసుక్కొన్నా, నిద్రలేక తెల్లవార్లూ వసారాలో తిరిగినా, "ఇదంతా నీ మనసులోనిదే" అని మాత్రం అనకండి. నూరేళ్ళు లోకం అన్నమాట అదే. దానివల్ల ఎంతమంది నోళ్ళు మూతపడినవో పైన చూచాము. ఆ రాత్రి ఆమె ప్రక్కన కాసేపు కూర్చొనడం, మరునాడు ఆ సంగతి పుస్తకంలో తారీఖు వేసి వ్రాయడం, రెండూ చికిత్సలో భాగాలే.